నూరేళ్ళు దాటిన సిటీ హోటల్‌ని ‘గ్రీన్’ చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

పాత_తాళంచెవి · సోమవారం, రాత్రి 10:50

అందరికీ నమస్కారం. సిటీ నడిబొడ్డున ఉన్న ఒక పాత హోటల్లో ఆపరేషన్స్ చూస్తాను. కట్టి నూరేళ్ళు దాటింది, వారసత్వ కట్టడాల జాబితాలో ఉంది. ముందు భాగం ముట్టుకోకూడదు, పెద్ద మెట్లు ముట్టుకోకూడదు, కిటికీ మార్చాలన్నా అనుమతి కావాలి. గదులు అరవై పైచిలుకు. ఏ రెండు గదులూ ఒక కొలతలో ఉండవు.

ఓనర్లలో కొత్త తరం వచ్చింది. ఆరు నెలల్లో ఏదో ఒక గ్రీన్ సర్టిఫికెట్ తేవాలంటున్నారు. కార్పొరేట్ బుకింగులు ఇచ్చే కంపెనీలు అడుగుతున్నాయట. నా చేతికి ఇచ్చిన జాబితా ఇదీ: ప్రతి బాత్రూములో టవల్ కార్డు (‘టవల్ మళ్ళీ వాడండి’ అని గెస్టుని అడిగేది), స్ట్రాలు బంద్, ‘ఈరోజు గది శుభ్రం చేయనక్కర్లేదు’ అన్న గెస్టుకి పాయింట్లు, డాబా మీద సోలార్, వేడినీళ్ళ ట్యాంకు 45 డిగ్రీలకి తగ్గించడం, పాత కిటికీలన్నీ పీకేసి రెండద్దాల కిటికీలు.

ఈ కాగితం పట్టుకుని నిన్న బేస్‌మెంట్‌లోకి దిగాను. బాయిలర్ గదిలో ఒక పైపు జాయింటు కింద బకెట్ ఉంది. ఎన్నాళ్ళ నుంచి అని ప్లంబర్‌ని అడిగితే, “బకెట్ మార్చి రెండేళ్ళయింది సార్” అన్నాడు. అంటే అది రెండో బకెట్.

ఆ మాట విన్న దగ్గర్నుంచి ఈ జాబితా మీద నాకు నమ్మకం పోయింది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి, దేంతో మొదలుపెట్టాలి?

వాల్వ్_మాస్టర్ · మంగళవారం, ఉదయం 6:35

బకెట్ కంటికి కనిపించింది కాబట్టి మీరు అదృష్టవంతులే. అసలు లీకులు గోడ లోపల ఉంటాయి.

ఇరవై రెండేళ్ళుగా హోటల్ ఇంజనీరింగ్‌లో ఉన్నాను, అందులో సగం పాత భవనాల్లోనే. ముందు ఒక రూపాయి కూడా ఖర్చు పెట్టకండి. రాత్రి 2 గంటలకు మెయిన్ వాటర్ మీటర్ దగ్గర నిలబడి రీడింగ్ రాసుకోండి, మళ్ళీ 4 గంటలకు రాసుకోండి. ఆ టైములో లాండ్రీ ఉండదు, కిచెన్ ఉండదు, గెస్టులు నిద్రలో ఉంటారు. ఓవర్‌హెడ్ ట్యాంకు నిండుగా ఉందో లేదో మాత్రం చూసుకోండి, లేకపోతే అది నిండే నీళ్ళు మిమ్మల్ని తప్పుదోవ పట్టిస్తాయి. అన్నీ సరిగా ఉన్నా మీటర్ తిరుగుతోందంటే అది లీకే. నిమిషానికి 5 లీటర్లు చాలా చిన్నగా అనిపిస్తుంది కదా, రోజుకి 7,200 లీటర్లు. మీ టవల్ కార్డులన్నీ కలిపినా దాన్ని పూడ్చలేవు.

తర్వాత ఫ్లష్ ట్యాంకులు. ప్రతి ట్యాంకులో కాస్త రంగు కలిపి పావుగంట ఆగండి. ఫ్లష్ చేయకుండానే కింద కమోడ్‌లో రంగు కనిపిస్తే లోపలి రబ్బరు పోయినట్టే. చప్పుడు చేయని లీకు అది. గెస్ట్ కంప్లైంట్ చేయడు, హౌస్‌కీపింగ్ వాళ్ళకీ తెలియదు.

ఆ తర్వాత సబ్-మీటర్లు: కిచెన్‌కి ఒకటి, లాండ్రీకి ఒకటి, కూలింగ్ ప్లాంటుకి ఒకటి, గదులకి ఒకటి. కరెంటుకీ నీళ్ళకీ రెండింటికీ. మూడు నెలల లెక్క చేతిలో లేకుండా సోలార్ కంపెనీ వాణ్ణి లోపలికి రానివ్వకండి.

ట్యాంకు 45 డిగ్రీల గురించి సాయంత్రం రాస్తాను, అది పెద్ద కథ. అప్పటిదాకా ఆ నాబ్ ఎవరూ ముట్టుకోకుండా చూడండి.

గోడలడాక్టర్ · మంగళవారం, ఉదయం 9:10

కిటికీలు పీకొద్దు! ఈ ఒక్క మాట చెప్పడానికే లాగిన్ అయ్యాను.

నేను పాత కట్టడాల మరమ్మతు చేస్తాను. నూరేళ్ళ నాటి కిటికీ చెక్క సాధారణంగా ముదురు చెట్టుది, పోగు దగ్గరగా ఉంటుంది. బాగుచేసుకుంటూ పోతే ఇంకో యాభై ఏళ్ళు వస్తుంది. దాని బదులు పెట్టే రెండద్దాల యూనిట్ అంచు సీలు పోయి మధ్యలో మసక చేరితే మొత్తం పారేయడమే, బాగుచేయడం కుదరదు. పైగా పాత కిటికీలో వేడీ చలీ ఎక్కువగా పోయేది ఫ్రేము పక్క సందుల్లోంచి. ముందు ఆ సందులకి బ్రష్ సీల్, అంటే గాలిని ఆపే కుచ్చుల పట్టీ, వేయించండి. తర్వాత గది లోపలి వైపు విడిగా రెండో అద్దం బిగించండి. బయటి రూపం మారదు, కావాలంటే రేపు విప్పేయొచ్చు కూడా. రెండు అద్దాల మధ్య వంద మిల్లీమీటర్లకి తక్కువ లేకుండా ఖాళీ ఉంచితే వీధి చప్పుడు కూడా బాగా తగ్గుతుంది. నడిబొడ్డున ఉన్న హోటల్‌కి ఇది రెండో లాభం. గెస్ట్ రివ్యూల్లో ‘నిద్ర పట్టలేదు’ అన్నవి ఎన్నున్నాయో చూడండి.

గోడల సంగతి. పాత ఇటుక గోడ, సున్నం గార అయితే దాని మీద సిమెంటు పూయొద్దు, ఊపిరాడని ప్లాస్టిక్ పెయింటూ వేయొద్దు. సున్నం గోడ తేమని పీల్చి మళ్ళీ బయటికి వదులుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. తేమ ఇంకెటో పోలేక లోపలే తిరిగి, ఉప్పు పొంగి, గార పెచ్చులూడుతుంది. లోపలి వైపు ఇన్సులేషన్ అంటించే ముందు ఇంకా జాగ్రత్త. గోడ చల్లబడి గాలిలోని ఆవిరి లోపలే నీరుగా మారితే, గోడలో దూర్చిన దూలాల చివర్లు కుళ్ళుతాయి. ఒక చోట ఫాల్స్ సీలింగ్ విప్పితే దూలం చివర వేలితో నొక్కగానే రవ్వ కేకులా నలిగింది. పై గదిలో గెస్ట్ ఉన్నాడు అప్పుడు.

‘పర్యావరణానికి అన్నిటికన్నా మంచి భవనం ఇప్పటికే కట్టి ఉన్న భవనం’ అని కార్ల్ ఎలిఫాంటే అనే అమెరికన్ ఆర్కిటెక్ట్ అన్న మాట మా వృత్తిలో అందరి నోటా ఉంటుంది. ఇటుకలు కాల్చడానికీ ఉక్కు కరిగించడానికీ ఖర్చయిన ఇంధనం నూరేళ్ళ కిందే ఖర్చయిపోయింది. ఇవాళ కూల్చి కొత్తది కడితే అదంతా మళ్ళీ మొదట్నుంచి. కాబట్టి మీ హోటల్ నిలబడి ఉండటమే సగం పని. మిగతా సగమే మీ చేతుల్లో ఉంది.

లెక్కల_పుస్తకం · మంగళవారం, మధ్యాహ్నం 1:25

ఎలిఫాంటే మాట బాగుంది కానీ కరెంటు బిల్లు నూరేళ్ళ కిందటిది కాదు కదా గోడలడాక్టర్ గారూ. పాత భవనం అంటే ఎత్తయిన సీలింగులు, చల్లబరచాల్సిన గాలి ఎక్కువ. ‘మాది పాతది కాబట్టి గ్రీనే’ అని చెప్పుకుంటూ కూర్చున్న హోటళ్ళు నేను చూశాను.

వియన్నాలో బుటీక్ హోటల్ స్టాట్‌హాలె అని ఒకటుంది. పాత భవనాన్ని ఉంచుకుని, వెనక 2009లో పాసివ్ హౌస్ పద్ధతిలో, అంటే వేడికీ చల్లదనానికీ ఇంధనం చాలా తక్కువ పట్టేలా, కొత్త భాగం కట్టారు. భూగర్భ జలాల్లోని వేడిని కరెంటుతో లాగి అందించే హీట్ పంపు, సోలార్ పెట్టి ఏడాది మొత్తం మీద వాడినంత ఇంధనం తామే తయారు చేసుకునేలా ప్లాన్ చేశారు. అలాంటి పనికి పెట్టుబడి కావాలి. గది శుభ్రం వద్దన్నవాళ్ళకి పాయింట్లు ఇచ్చే స్కీమ్ మొదటి రోజు నుంచే ఖర్చు తగ్గిస్తుంది. ఆ మిగులుతో మిగతావి చేయొచ్చు. జాబితాలో అది తప్పెలా అవుతుంది?

సూట్‌కేసు · మంగళవారం, మధ్యాహ్నం 2:05

నేను హోటల్ మనిషిని కాదు, నెలకి పది రాత్రులు హోటళ్ళలో పడుకునేవాణ్ణి. ‘భూమిని కాపాడండి, టవల్ మళ్ళీ వాడండి’ అన్న కార్డు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే అదే గదిలో నేను రాకముందు నుంచే ఏసీ 18లో తిరుగుతుంటుంది, టీవీ నాకు స్వాగతం చెబుతుంటుంది, నాలుగు చిన్న ప్లాస్టిక్ సీసాలు వరుసగా నిలబడి ఉంటాయి.

ఆడిట్_కళ్ళజోడు · మంగళవారం, సాయంత్రం 4:40

సూట్‌కేసు గారికి కలిగిన చిరాకు కొత్తదేం కాదు. ‘గ్రీన్‌వాషింగ్’, అంటే చేయకుండానే గ్రీన్ అని చెప్పుకోవడం, అనే మాట పుట్టిందే హోటల్ టవల్ కార్డు మీద. 1986లో జే వెస్టర్‌వెల్డ్ అనే పర్యావరణవేత్త ఒక వ్యాసంలో ఆ మాట వాడారు. టవల్ దగ్గర భూమి గురించి మాట్లాడే రిసార్టులు మిగతా విషయాల్లో ఏమీ చేయట్లేదని ఆయన ఫిర్యాదు.

నా ఉద్యోగం ఇలాంటి సర్టిఫికెట్ల ఆడిట్. తాళంచెవి గారికి నాలుగు మాటలు.

గ్లోబల్ సస్టైనబుల్ టూరిజం కౌన్సిల్, అందరూ జీఎస్‌టీసీ అంటారు, హోటళ్ళకి నేరుగా సర్టిఫికెట్ ఇవ్వదు. ప్రమాణాలు రాస్తుంది, సర్టిఫికెట్ ఇచ్చే సంస్థల్ని గుర్తిస్తుంది. ఎవరైనా వచ్చి ‘జీఎస్‌టీసీ సర్టిఫికెట్ ఇప్పిస్తాం’ అంటే ఆ మాట సరిగా అనమనండి. ఆ ప్రమాణాల్లో పర్యావరణం నాలుగో వంతే. మిగతావి నిర్వహణ, స్థానికుల బాగోగులూ ఉద్యోగులూ, సాంస్కృతిక వారసత్వం. వారసత్వ హోటల్‌కి ఆ చివరిది చేతిలో ఉన్న ముక్క, కానీ చాలామంది దాన్ని ఫోటో ఫ్రేములతో సరిపెడతారు. 1994లో డెన్మార్క్‌లో మొదలైన గ్రీన్ కీ లాంటి సర్టిఫికెట్లు కూడా ఉన్నాయి. ఏది తీసుకున్నా, ఆడిటర్ మొదట అడిగేది పన్నెండు నెలల రీడింగులే. కాబట్టి వాల్వ్_మాస్టర్ చెప్పిన మీటరే మీ మొదటి మెట్టు.

కార్బన్ లెక్కకి హోటల్ కార్బన్ మెజర్‌మెంట్ ఇనిషియేటివ్ పద్ధతి ఉంది. అందులో ఒక చిక్కు ముందే చెప్తాను. లాండ్రీని బయటికి పంపేసి ‘మా నీళ్ళు, మా కరెంటు తగ్గాయి’ అంటే కుదరదు. బయట ఉతికించినా లెక్క మీదే. ఏసీ గ్యాసు లీకు కూడా అంతే. ఏసీల్లో వాడే ఆర్-410ఎ అనే గ్యాసు ఒక్క కిలో గాల్లో కలిస్తే సుమారు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కి సమానం. గ్యాసు ఎప్పుడెప్పుడు, ఎంత నింపారో మీ సర్వీసు రిజిస్టర్లో చూడండి. ఏటా నింపుతున్నారంటే ఏటా లీకవుతోందనే అర్థం.

బోర్డు మీద రాసే మాటలూ జాగ్రత్త. ఐరోపా సమాఖ్య 2024లో తెచ్చిన నిబంధన 2026 సెప్టెంబరు 27 నుంచి అమల్లోకి వస్తుంది. ఆధారం చూపకుండా ‘ఎకో ఫ్రెండ్లీ’ అనడం, ఎక్కడో చెట్లు నాటించి ‘కార్బన్ న్యూట్రల్’ అనడం అక్కడ చెల్లవు. మీ గెస్టులు ఎక్కడి నుంచి వస్తారో, ఏ సైట్లలో బుక్ చేస్తారో దాన్ని బట్టి ఇది మీకూ తగలొచ్చు.

లినెన్_గది · మంగళవారం, రాత్రి 11:30

షిఫ్ట్ అయ్యాక ఇప్పుడే చదివాను. పంతొమ్మిదేళ్ళు హౌస్‌కీపింగ్, అందులో ఎనిమిదేళ్ళు రూములు చేశాను, ఇప్పుడు సూపర్‌వైజర్‌ని. లెక్కల_పుస్తకం గారికి జవాబు నేనే చెప్పాలి.

‘శుభ్రం వద్దు’ స్కీమ్ మా పాత హోటల్లో పెట్టారు. మొదటి నెలలోనే ఆరుగురిని ‘రేపు రావద్దు, పని ఉంటే ఫోన్ చేస్తాం’ అన్నారు. ఉన్నవాళ్ళకి పని తగ్గిందా అంటే అదీ లేదు. మూడు రోజులు ఎవరూ అడుగు పెట్టని గది ఎలా ఉంటుందో ఊహించుకోండి. చెత్తబుట్ట పొంగి, బాత్రూము టైల్స్ మీద సబ్బు గట్టకట్టి, షవర్ అద్దం తెల్లబడి ఉంటుంది. రోజూ చేసే గదికి అరగంట చాలు. ఆ గదికి గంటా పావు. కానీ కోటా మాత్రం షిఫ్ట్‌కి అన్నే గదులు. పైగా గట్టకట్టిన సబ్బు వదలడానికి ఘాటు కెమికల్ ఎక్కువ వాడాలి. అందులో గ్రీన్ ఏముందో నాకు చెప్పండి.

ఇది నా ఒక్కదాని గోడు కాదు. 2018లో అమెరికాలో మారియట్ హోటళ్ళ ఉద్యోగులు పలు నగరాల్లో సమ్మె చేసినప్పుడు ఈ స్కీమ్ మీద కూడా గొడవ జరిగింది. ‘ఒక్క ఉద్యోగంతో బతకగలగాలి’ అన్నది వాళ్ళ నినాదం. స్పెయిన్‌లో రూములు చేసే ఆడవాళ్ళు లాస్ కెల్లీస్ అని సంఘమే పెట్టుకున్నారు. ‘శుభ్రం చేసేవాళ్ళం’ అన్న వాళ్ళ భాష మాటల్లోంచి వచ్చిన పేరు.

టవల్ సంగతి కూడా చెప్తాను. మా దగ్గర కార్డు ఉండేది, కొక్కెం ఉండేది కాదు. పాత బాత్రూములు ఇరుకు. ఉన్న ఒక్క రాడ్డు మీద నాలుగు టవళ్ళు ఎక్కడ ఆరతాయి? తడి టవల్ని గెస్ట్ కింద పడేస్తాడు, కింద పడిందంటే లాండ్రీకే. ఆరేసిన టవల్‌ని వదిలేస్తే మా ఇన్‌స్పెక్షన్‌లో ‘పాత టవల్, మార్చలేదు’ అని అమ్మాయికి మార్కు పోయేది. అందుకని ఎందుకొచ్చిన గొడవని అన్నీ మార్చేసేవాళ్ళు. ఎవరూ చెప్పకుండా నేనే తలుపు వెనక రెండు కొక్కేలు కొట్టించాను, చెక్‌లిస్టులో ఆ లైను తీసేశాను. లాండ్రీ బుట్టలు తగ్గడం కళ్ళారా చూశాం. కార్డు మీద ఒక్క అక్షరం మార్చలేదు.

పాత హోటల్లో ఇంకో బాధ ఉంది, కొత్త హోటళ్ళ వాళ్ళకి తెలియదు. సర్వీస్ లిఫ్ట్ ఒక్కటే, అది కూడా మూడో అంతస్తు దాకే. పై అంతస్తుకి లినెన్ మూటలు మెట్ల మీద మోసేది మేమే. పాత మంచాలు బరువు, గోడకి ఆనించి ఉంటాయి. దుప్పటి దోపాలంటే నడుం వంచి పరుపు ఎత్తాలి, రోజుకి ముప్పై నలభై సార్లు. నా నడుం ఎక్స్‌రే మీ సర్టిఫికెట్ పక్కన ఫ్రేము కట్టించి పెట్టొచ్చు.

సూట్‌కేసు · బుధవారం, ఉదయం 7:15

మేడమ్, ‘శుభ్రం వద్దు’ బోర్డు నేను చాలాసార్లు తగిలించాను, మంచి పని చేస్తున్నాననుకుని. ఈ కోణం తట్టలేదు.

లెక్కల_పుస్తకం · బుధవారం, ఉదయం 8:50

లినెన్_గది గారూ, ఆ కోటా సంగతి నాకు నిజంగా తెలియదు. మా రిపోర్టుల్లో గదుల సంఖ్య వస్తుంది, నిమిషాలు రావు. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. గెస్ట్ నిజంగానే వద్దంటే ఏం చేయాలి? బలవంతంగా లోపలికి వెళ్ళలేం కదా.

లినెన్_గది · బుధవారం, మధ్యాహ్నం 3:20

వెళ్ళొద్దు. వద్దన్నవాళ్ళని వద్దననివ్వండి, పాయింట్లు ఎర వేసి మాత్రం అనిపించొద్దు. వద్దన్న గది తర్వాత చెక్‌అవుట్ అయినప్పుడు దాన్ని రెండు గదుల కింద లెక్కేయండి. షిఫ్ట్ గంటలు కోయకండి. మిగిలిన టైములో చేయాల్సిన పనులు బోలెడు. పరుపులు తిప్పడం, కర్టెన్లు దులపడం, గోడలడాక్టర్ గారు చెప్పిన కిటికీ సందుల్లో దుమ్ము తీయడం. చెక్క కిటికీకి నూనె పెట్టి తుడిచే పని మా అమ్మాయిలకి నేర్పిస్తే బయటి నుంచి మనిషిని పిలవక్కర్లేదు. కూలి మాత్రం ఆ పనికి తగ్గట్టు ఇవ్వాలి.

గోడలడాక్టర్ · బుధవారం, సాయంత్రం 5:05

కిటికీ పని నేర్పించే మాట బంగారం లాంటిది. చిన్న దిద్దుబాటు: చెక్కకి రంగు ఉంటే నూనె వద్దు, తుడిచి పగుళ్ళు గుర్తించి చెబితే చాలు.

వాల్వ్_మాస్టర్ · బుధవారం, రాత్రి 8:45

నిన్న సాయంత్రం రాస్తానన్నాను, చిల్లర్ (ఏసీకి నీళ్ళు చల్లబరిచే యంత్రం) ఆగిపోయి కుదరలేదు. ఇప్పుడు ఆ 45 డిగ్రీల కథ.

1976 జులైలో ఫిలడెల్ఫియాలోని బెల్‌వ్యూ-స్ట్రాట్‌ఫర్డ్ హోటల్లో అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘం సమావేశం జరిగింది. 1904లో తెరిచిన పేరుమోసిన హోటల్ అది. సమావేశం నుంచి ఇళ్ళకి వెళ్ళినవాళ్ళు ఒక్కొక్కరూ న్యుమోనియాతో పడిపోయారు. ఆ వ్యాధి సోకి మొత్తం 34 మంది చనిపోయారు. కారణం ఏమిటో నెలల తరబడి దొరకలేదు. తర్వాత దొరికిన బ్యాక్టీరియాకి ఆ సంఘం పేరు మీదే లీజియొనెల్లా అని పేరు పెట్టారు. హోటల్ ఏసీ వ్యవస్థ ద్వారా వ్యాపించి ఉంటుందని భావించారు. ఆ నవంబరులో హోటల్ మూతపడింది.

ఆ బ్యాక్టీరియా గోరువెచ్చని నీళ్ళలో పెరుగుతుంది, సుమారు 20 నుంచి 45 డిగ్రీల మధ్య. ట్యాంకు 45కి దించితే మనమే దానికి ఉయ్యాల కట్టినట్టు. ట్యాంకులో 60, కుళాయి దాకా వచ్చేసరికి 50కి తగ్గకుండా ఉండాలి. గెస్ట్ చెయ్యి కాలకుండా కుళాయి దగ్గర కలిపే వాల్వ్ పెట్టండి. వేడి ఆదా చేయాలంటే డిగ్రీలు తగ్గించడం దారి కాదు. పైపులకి తొడుగు వేయండి, షవర్ ధార తగ్గించండి, బాయిలర్ బదులు హీట్ పంపు చూడండి. అది ఒక యూనిట్ కరెంటుకి మూడు యూనిట్ల దాకా వేడి ఇవ్వగలదు, కిచెన్ వెనక వేడి గాలి ఉంటే ఇంకా మేలు.

పాత హోటళ్ళలో అసలు ప్రమాదం చచ్చిన పైపులు. ఎప్పుడో బాత్‌టబ్ తీసేసి ఉంటారు, దాని పైపు మూత పెట్టి గోడలోనే వదిలేస్తారు. నీళ్ళు అందులో కదలకుండా ఏళ్ళ తరబడి నిలబడతాయి. నేను పనిచేసిన ఒక చోట అలాంటి ముక్క కోసి తీశాం. రెండడుగులు లేదు. బల్ల మీద కొడితే లోపల్నుంచి నల్లటి జిగురు జారింది, వాసనకి మా కుర్రాడు బయటికి పరిగెత్తాడు. దాని అవతలి కొస పై అంతస్తులో అందరూ అడిగి తీసుకునే మూల గది షవర్‌కి కలిసి ఉంది.

షవర్ ధార తగ్గించినా, వారం రోజులు ఖాళీగా ఉన్న గదుల్లో నీళ్ళు వదిలి పారించాలి. నీళ్ళు పొదుపు అని అది మానేయొద్దు. ఈ విషయంలో నేను మొండివాణ్ణి.

రెండో_ప్లేటు · గురువారం, ఉదయం 10:20

వంటింటి వైపు నుంచి కొంచెం. ఐక్యరాజ్య సమితి పర్యావరణ సంస్థ లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది, అందులో 28 శాతం హోటళ్ళు, రెస్టారెంట్లు, క్యాంటీన్ల లాంటి చోట్ల.

బఫేలో పారేసేది ఎక్కువగా చివరి అరగంటలో పుడుతుంది. పదిన్నరకి మూసేస్తామంటే పది గంటలకి ట్రేలు నిండుగా కనబడాలని మేనేజరు పట్టుబడతాడు. ఎవరూ తినరు. ట్రే చిన్నది పెట్టండి, అడిగినవాళ్ళకి అప్పటికప్పుడు చేసివ్వండి. 2013లో నార్వేలో కాల్‌బెకెన్, సేలెన్ అనే పరిశోధకులు హోటల్ బఫేల మీద పని చేశారు. ప్లేటు సైజు తగ్గిస్తే వృథా ఇంచుమించు 20 శాతం తగ్గింది. ‘ఎన్నిసార్లయినా వచ్చి వడ్డించుకోండి’ అని బోర్డు పెట్టినా అంతే తగ్గింది. వద్దు అనే బోర్డు కాదు, రండి అనే బోర్డు.

కార్డు మీద ఏం రాస్తామన్నదీ తేడా తెస్తుంది లెండి. 2008లో గోల్డ్‌స్టీన్, చాల్డీని, గ్రిస్కెవిసియస్ చేసిన ప్రయోగంలో ‘పర్యావరణాన్ని కాపాడండి’ అన్న కార్డుకి 35 శాతం మంది టవల్ మళ్ళీ వాడారు, ‘ఎక్కువ మంది గెస్టులు మళ్ళీ వాడుతున్నారు’ అన్న కార్డుకి 44 శాతం. కాబట్టి కార్డు దండగేం కాదు, కొక్కెం కొట్టాక పెట్టండి.

నైట్_డెస్క్ · శుక్రవారం, తెల్లవారుజాము 3:10

అందరూ నీళ్ళూ వేడీ అంటున్నారు. రాత్రిపూట రిసెప్షన్‌లో ఒక్కణ్ణే కూర్చుంటాను కాబట్టి నాకు కనిపించేవి వేరు.

1946 డిసెంబరు 7 తెల్లవారుజామున అట్లాంటాలో వైన్‌కాఫ్ హోటల్ కాలింది. 15 అంతస్తులు, మెట్ల దారి ఒక్కటే. 119 మంది చనిపోయారు. దాన్ని ‘ఫైర్‌ప్రూఫ్’ హోటల్ అని ప్రకటించుకునేవాళ్ళు. నిజానికి భవనం కాలిపోలేదు, నిలబడే ఉంది. పోయింది లోపలి మనుషులే. పెద్ద మెట్లు ముట్టుకోకూడదన్నారు కదా, మరి రెండో దారి ఏది? మా పాత హోటల్లో రెండో మెట్ల దగ్గర విరిగిన కుర్చీలు పేర్చి ఉండేవి. అవి తీయించడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

ఇంకోటి. గదుల్లోకి ఒంటరిగా వెళ్ళే హౌస్‌కీపింగ్ వాళ్ళకి పానిక్ బటన్ (ఆపదలో నొక్కితే సాయానికి కబురు పంపేది) ఇవ్వండి. అమెరికాలో చాలా నగరాలు దీన్ని చట్టం చేశాయి. పాత భవనంలో గోడలు మందం, సిగ్నల్ అందదు. కాబట్టి కొనే ముందు ప్రతి అంతస్తు చివర గదిలో నొక్కి చూడాలి. పిల్లల రక్షణ గురించి ‘ది కోడ్’ అనే ఒప్పందం ఉంది, ట్రావెల్, హోటల్ కంపెనీలు సంతకం చేస్తాయి. సంతకం పక్కన పెడితే, అనుమానం వచ్చిన రాత్రి నేను ఎవరికి ఫోన్ చేయాలి, చేస్తే నా ఉద్యోగం ఉంటుందా? ఆ రెండూ రాసిన కాగితం డెస్క్ కింద ఉండాలి.

ఆడిట్_కళ్ళజోడు · శుక్రవారం, ఉదయం 11:00

నైట్_డెస్క్ గారు అడిగిన ఆ కాగితం నేను ప్రతి ఆడిట్‌లో అడుగుతాను. పాలసీ ఫైలు మేనేజరు అల్మారాలో ఉంటుంది, అల్మారా తాళం సాయంత్రం ఆరుకి పడుతుంది.

ఉద్యోగాల గురించి ఒక ఉదాహరణ. వియన్నాలోనే మాగ్‌డాస్ అనే హోటల్ ఉంది, 2015లో కారిటాస్ అనే సేవాసంస్థ తెరిచింది. శరణార్థులుగా వచ్చినవాళ్ళని పనిలో పెట్టుకున్నారు, పాత ఫర్నిచర్‌నే కొత్తగా మార్చి వాడారు. వాళ్ళ ఉద్యోగుల లిస్టే వాళ్ళ బ్రోషర్. మీరు అంత చేయనక్కర్లేదు. కాంట్రాక్టు మనుషులకి మీ సొంత ఉద్యోగులతో సమానంగా భోజనం, లాకర్, సెలవు ఉన్నాయో లేదో చూడండి చాలు.

గోడలడాక్టర్ · శుక్రవారం, రాత్రి 9:35

చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. వారసత్వ కట్టడం కదా, ర్యాంపు కుదరదు అంటారు. చాలాచోట్ల కుదురుతుంది. పాత మెట్లకి తగలకుండా, విప్పేయగలిగేలా విడిగా నిలబెట్టొచ్చు. చరిత్ర ఉన్న కట్టడాలు సమాజానికి ఉపయోగపడే పనికి వాడటం మంచిదే, కానీ వాటి అమరికా అలంకరణా మారకూడదు అని పాత కట్టడాల సంరక్షణ మీద 1964 నాటి అంతర్జాతీయ పత్రం వెనిస్ చార్టర్ చెబుతుంది. ఆ రెండో సగం చూపించి మొదటి సగం ఎగ్గొట్టేవాళ్ళే ఎక్కువ. సామాన్లు వచ్చే వెనక తలుపు గుండా రమ్మనడం మాత్రం చేయకండి. ఆ దారిలో చెత్తడబ్బాలు ఉంటాయి.

పాత_తాళంచెవి · ఐదు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 11:15

ఆలస్యానికి క్షమించండి. మీరంతా రాసినది ప్రింట్ తీసి ఓనర్ల మీటింగ్‌లో పెట్టాను. మొదట ‘ఫోరమ్ మాటలా’ అని నవ్వారు. అప్పుడు మీటర్ రీడింగ్ తీశాను.

రాత్రి 2 గంటలకి నేనూ ప్లంబరూ టార్చి పట్టుకుని నిలబడ్డాం. మీటర్ ముల్లు ఆగలేదు. నిదానంగా, గడియారం సెకండ్ల ముల్లులా తిరుగుతోంది. బకెట్ జాయింటు బాగుచేసి మర్నాడు మళ్ళీ నిలబడ్డాం. కొంచెం నెమ్మదించింది, ఆగలేదు. రంగు టెస్టు చేస్తే పదకొండు గదుల్లో దొంగ దొరికాడు. ఆ రబ్బర్లు మార్చిన రాత్రి ముల్లు దాదాపు నిలబడింది. ‘దాదాపు’ ఎందుకంటే ఇంకా ఎక్కడో సన్నగా పోతోంది. రెండో అంతస్తు మూల గోడ మీద నాకు అనుమానం. అక్కడ గార ఎప్పుడూ పెచ్చులూడుతుంది, పైన సిమెంటు పూసి ఉంది.

ట్యాంకు 60 దగ్గరే ఉంచాం. చచ్చిన పైపులు వెతుకుతుంటే నాలుగు దొరికాయి. పాత డ్రాయింగుల్లో ఒక్కటీ లేదు. ముప్పై ఏళ్ళ సర్వీసున్న పాత వెయిటర్ ఒకాయన ‘ఇక్కడ ఒకప్పుడు వాష్‌బేసిన్ ఉండేది బాబూ’ అని గోడ మీద చెయ్యి పెట్టి చూపించాడు.

కిటికీలు పీకడం ఆగింది. రెండు గదుల్లో లోపలి అద్దం బిగించి చూస్తున్నాం. పాయింట్ల స్కీమ్ మీద ఇంకా గొడవ నడుస్తోంది. పెద్దాయన ఒప్పుకున్నారు, కొడుకు ఒప్పుకోలేదు. కొక్కేలు మాత్రం అన్ని గదుల్లో కొట్టించేశాను, అనుమతి అడగలేదు. వారసత్వ తలుపులకి కాదు గోడలడాక్టర్ గారూ, టైల్స్ జాయింటులోనే.

లినెన్_గది గారూ, మీకొక ప్రశ్న. గదికి ఎన్ని నిమిషాలు పడుతుందో రాసుకుందామని మా అమ్మాయిలకి కాగితం ఇస్తే, కోటా పెంచడానికే అనుకుని అందరూ సరిగ్గా ముప్పై అని రాసిచ్చారు. మొత్తం అరవై పైచిలుకు గదులూ ముప్పై నిమిషాలే.

లినెన్_గది · సోమవారం, ఉదయం 5:50

నేనైనా అదే రాస్తాను. కాగితం ఇవ్వకండి. ఒకరోజు మీరే ట్రాలీ తోసుకుంటూ ఒక అమ్మాయి వెంట తిరగండి, పై అంతస్తు షిఫ్ట్ తీసుకోండి. షూ కాదు, చెప్పులు వేసుకోండి.